కొండ ఎక్కితే మధ్యవర్తి మారిపోతాడా?

ఈ వారం ఉత్తరం గుంటూరు నుంచి. పేరు వేయొద్దన్నాడు కాబట్టి వేయడం లేదు. కొంచెం కుదించాను.

"అక్కా, నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. మేం తాతల నాటి నుంచీ లూథరన్లం, నాన్న సంఘ పెద్ద. నా భార్యది విజయవాడ, వాళ్ళు ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలికులు. పెళ్ళి మా చర్చిలోనే అయింది, ఇన్నేళ్ళుగా ఏ గొడవా లేదు. పోయిన వానాకాలం మా నాలుగేళ్ళ పాపకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆ రాత్రి మా అత్తగారు గుణదల కొండ మీది మరియమాతకి మొక్కుకున్నారట, పాప గట్టెక్కితే తిరునాళ్ళకి తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని. పాప బాగైంది. ఇప్పుడు మొక్కు తీర్చాలంటున్నారు. నాన్నేమో బైబిల్లో ఒకటో తిమోతి 2:5 తీసి చదివి, మధ్యవర్తి ఒక్కడే అని ఇంత స్పష్టంగా ఉంటే ఆ కొండ ఎక్కడమంటే క్రీస్తుని కాదనడమే, గుండుతో పాపని నా గుమ్మంలోకి తేవద్దు అంటున్నాడు. అత్తగారు ఒకటే మాట అడిగారు: మీ పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుంటారు గదా, అది తప్పు కానిది మేం మరియమ్మని అడిగితే తప్పెలా అయింది? నా దగ్గర సమాధానం లేదు. యార్డులో మేం మధ్యలో లేకపోతే ఒక్క టిక్కీ, అదే మిర్చి బస్తా, కదలదు. దేవుడి దగ్గర మాత్రం ఒక్కడే అని ఎందుకన్నారు? నేను కొండ ఎక్కొచ్చా, ఎక్కకూడదా?"

తమ్ముడూ, పాప లేచి తిరుగుతున్నందుకు ముందు సంతోషం. ప్లేట్‌లెట్ల కోసం రాత్రిళ్ళు ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది, ఆ టైములో ఎవరు ఎవరికి మొక్కుకున్నారో లెక్క పెట్టుకునే ఓపిక ఉండదు. నేను పాస్టర్నీ కాను, కన్యాస్త్రీనీ కాను. గుంటూరులో పుట్టి పెరిగిన లూథరన్ని, టీచరుగా రిటైరై విజయవాడలో కూతురి దగ్గర ఉంటున్నదాన్ని, మా కిటికీలోంచి చూస్తే గుణదల కొండ మీద శిలువ కనబడుతుంది. అంటే మీ నాన్నగారి మాటలూ తెలుసు, మీ అత్తగారి మాటలూ తెలుసు.

మీ నాన్నగారు చదివిన వచనం నాకూ కంఠతా వచ్చు, సండే స్కూల్లో బహుమతి కోసం నేర్చుకున్నదే. "దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు." అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు, కథోలికులు కూడా పెట్టరు. కానీ ఆ అధ్యాయం ఐదో వచనంతో మొదలవదు గదా. మొదటి వచనంలో ఆ పత్రిక రాసిన పౌలు అడుగుతున్నదేమిటి? అందరి కోసం, రాజుల కోసం కూడా విజ్ఞాపనలు చేయండి, ప్రార్థనలు చేయండి అని. అంటే ఒకరి కోసం ఇంకొకరు దేవుణ్ణి అడగండి అని చెప్పిన నాలుగు వచనాలకే మధ్యవర్తి ఒక్కడే అంటున్నాడు. ఆయనకి ఈ రెండూ కొట్టుకోలేదు. కాబట్టి నీ కోసం ఎవరైనా దేవుణ్ణి అడిగినంత మాత్రాన వాళ్ళు మధ్యవర్తి అయిపోరు. అయ్యగారూ అవరు, పక్కింటి ఆంటీ కూడా అవదు. ఆరో వచనం కూడా చదువు: ఆయన అందరి కోసం విమోచన క్రయధనంగా తనని తానే ఇచ్చుకున్నాడని ఉంది. పౌలు లెక్కలో మధ్యవర్తి పని అది, మాట సాయం చేసి పక్కకి వెళ్ళిపోవడం కాదు.

ఇక నీ యార్డు సంగతి. నాకు ఉత్తరంలో బాగా నచ్చింది ఆ వాక్యమే, ఎందుకంటే మనలో చాలామంది బుర్రలో మధ్యవర్తి అనగానే తట్టేది ఆ బొమ్మే, నువ్వు పైకి అన్నావు అంతే. మా నాన్నకి పెదకూరపాడు వైపు రెండెకరాల మిర్చి ఉండేది, చిన్నప్పుడు ఆయనతో యార్డుకి వచ్చేదాన్ని, ఘాటుకి కళ్ళూ ముక్కూ కారుతూ. రైతు టిక్కీలు దింపుతాడు, మీ షావుకారు మచ్చు తీసి వ్యాపారికి చూపిస్తాడు, రేటు తెగుతుంది, కాటా వేస్తారు, చివరికి కమీషనూ కూలీ ఇంకా ఏవేవో పోగా మిగిలింది పట్టీలో రాసి రైతు చేతికిస్తారు. ఆ ఏజెంటు ఎందుకు కావాల్సొచ్చాడు? రైతుకి వ్యాపారి తెలియదు, వ్యాపారికి రైతు మీద నమ్మకం లేదు, ఒకడికి రేటు పెరగాలి, ఇంకొకడికి తగ్గాలి. ఏజెంటు ఇద్దరిలో ఎవరి మనిషీ కాదు, తన వాటా తనకి ఉంటుంది. పొలం వడగళ్ళకి పోయినా, ఎగుమతి ఆగిపోయినా నష్టం ఆయనది కాదు. ఆయన్ని నేను తప్పు పట్టడం లేదు, ఆ పని అంతే.

ఈ బొమ్మని తీసుకెళ్ళి దేవుడికీ మనకీ మధ్య పెడితేనే తిప్పలు మొదలవుతాయి. యోబు గ్రంథం 9వ అధ్యాయంలో యోబు మొత్తుకుంటాడు చూడు, దేవుడు నాలాంటి మనిషి కాడు నేను ఆయనకి బదులు చెప్పడానికి, మా ఇద్దరి మీదా చెయ్యి వేయగల మధ్యవర్తి లేడు అని. ఇద్దరి మీదా చెయ్యి వేయాలంటే ఇద్దరినీ అందుకోగలవాడై ఉండాలి. దేవుడి భుజం మీద చెయ్యి వేయాలంటే దేవుడికి సమానమైనవాడే కావాలి, యోబు లాంటి పుళ్ళతో బూడిదలో కూర్చున్నవాడి భుజం మీద వేయాలంటే నొప్పి తెలిసిన మనిషి కావాలి. మోషే కొంత దూరం ఆ పని చేశాడు, సీనాయి కొండ దగ్గర జనం భయపడి నువ్వే మాతో మాట్లాడు దేవుడు మాట్లాడితే చచ్చిపోతాం అన్నారు, దూడని పూజించినప్పుడు వీళ్ళని క్షమించకపోతే నీ పుస్తకంలోంచి నా పేరు తుడిచెయ్యి అని కూడా అన్నాడు పాపం. అయినా మోషే ఒక పక్షం మనిషే, మన పక్షం. ప్రధాన యాజకుడూ అంతే, ఏడాదికి ఒక్కరోజు అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేవాడు, అదీ ముందు తన పాపానికి బలి ఇచ్చుకుని.

అందుకే సంఘం ఇన్ని వందల ఏళ్ళు యేసు ఎవరు అన్న దాని మీద అంత తగాదా పడింది. 325లో నైసియా మహాసభలో తండ్రితో ఆయన ఏకస్వభావం గలవాడని తేల్చారు. 451లో కాల్సెడాన్‌లో ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, ఆ రెండూ కలగాపులగం కాలేదు, విడిపోనూ లేదు అని రాసుకున్నారు. చిన్నప్పుడు ఇదంతా గ్రీకువాళ్ళ పండిత చర్చ అనుకునేదాన్ని. యోబు మాట పక్కన పెట్టి చదివాక అర్థమైంది, చెయ్యి ఇద్దరికీ ఆనుతుందా లేదా అన్నదే వాళ్ళ తగాదా అంతా. సగం దేవుడూ సగం మనిషీ అయితే ఎవరికీ ఆనదు, నీ కొట్టులో ఏజెంటులా మధ్యలో ఉండిపోతాడు. గ్రీకులో మధ్యవర్తికి వాడిన మెసితేస్ అన్న మాటకి మధ్యలో ఉండేవాడనే అర్థం, కానీ పౌలు దాన్ని వాడుతూనే "క్రీస్తుయేసను నరుడు" అని ఒత్తి చెప్పాడు చూశావా, నరుడు అని.

హెబ్రీ పత్రిక 7వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది, మన పాత అనువాదంలో పూటకాపు అని. ఇప్పుడెవరూ వాడటం లేదు గానీ నీకు తెలియకుండా ఉండదు, పూచీకత్తు పడటమన్న మాట. ఎవడైనా అప్పు ఎగ్గొడితే పూటకాపు ఉన్నవాడి ఇల్లు జప్తు అవుతుంది. యార్డు పోలికే కావాలంటే కమీషన్ ఏజెంటుని వదిలేసి ఈయన్ని తీసుకో, రైతు బాకీకి తన ఇల్లు రాసిచ్చినవాణ్ణి. పైగా ఆయన్ని ఆ పనికి పంపింది రైతు కాదు, బాకీ రావలసినవాడే.

ఆ చివరి ముక్క దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మీ ఇంట్లో గొడవకి మూలం అక్కడే ఉందని నా అనుమానం.

మనది సిఫార్సుల మీద బతికే ఊరు తమ్ముడూ. కలెక్టరాఫీసులో పని ఉంటే ముందు బంట్రోతుని పట్టుకోవాలి, కాలేజీ సీటుకి ఎమ్మెల్యే లెటరు, ఆస్పత్రిలో బెడ్డుకి తెలిసిన కాంపౌండరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ అలవాటుతోనే దేవుడి దగ్గరికీ వెళతాం. లోపల గదిలో పెద్దాయన కోపంగా కూర్చుని ఉంటాడు, ఆయన మూడ్ చూసి మన ఫైలు లోపలికి తీసుకెళ్ళే మెత్తని మనిషి ఒకడు కావాలి. మన వైపు కూటాల్లో ప్రసంగాలు విను, తండ్రి కత్తి ఎత్తాడు, కుమారుడు అడ్డం పడ్డాడు అన్నట్టే చెబుతారు చాలామంది. విని ఏడుస్తాం కూడా. కానీ రెండో కొరింథీ 5:19 చెప్పేది వేరు, దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు అని. తండ్రిని ఎవరో ఒప్పించలేదు. ఆయనే ముందు కదిలాడు. దేవుడు లోకాన్ని ప్రేమించాడు కాబట్టి కుమారుణ్ణి ఇచ్చాడని ఉంది గానీ, కుమారుడు చనిపోయాడు కాబట్టి ప్రేమించడం మొదలుపెట్టాడని ఎక్కడా లేదు.

తండ్రి కోపిష్ఠి, కుమారుడు మెత్తన అన్న బొమ్మ ఒకసారి మనసులో కూర్చున్నాక ఏమవుతుందంటే, కొన్నాళ్ళకి ఆ కుమారుడు కూడా పెద్దాయన అయిపోతాడు, ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఇంకో మెత్తని మనిషి కావాలి. మధ్య యుగాల్లో యూరప్‌లో జరిగింది అదే, యేసుని తీర్పరిగా ఇంద్రధనుస్సు మీద కూర్చోబెట్టి గీశారు, జనం భయపడి వాళ్ళమ్మ కొంగు పట్టుకున్నారు. మన సంఘానికి మూలపురుషుడైన లూథరు కుర్రతనంలో పిడుగు పడబోయి భయపడి మొక్కుకున్నది మరియమ్మ తల్లి అన్నమ్మకి, సన్యాసిని అవుతానని, 1505లో. అంటే యేసు దగ్గరికి వాళ్ళమ్మ, వాళ్ళమ్మ దగ్గరికి వాళ్ళమ్మమ్మ! మన సర్కారాఫీసు లాగానే లేదూ.

ఇప్పుడు మీ అత్తగారు చేసింది ఆ పనేనా? అక్కడ మీ నాన్నగారు తొందరపడ్డారని నా ఉద్దేశం.

కథోలిక సంఘం బోధించేది ఏమిటో ఒక్కసారి వాళ్ళ మాటల్లోనే చూడు. మీ అత్తగారు జపమాల చెప్పుకునేటప్పుడు చివర వినబడేది "మా కొరకు ప్రార్థించండి" అని. కాపాడండి, క్షమించండి అని కాదు. రెండో వాటికన్ మహాసభ 1964లో సంఘం గురించి వెలువరించిన పత్రంలో ఇదే తిమోతి వచనాన్ని ఎత్తి, మరియమ్మ మాతృత్వం క్రీస్తు ఏకైక మధ్యవర్తిత్వాన్ని మరుగుపరచదు, తగ్గించదు అని రాసింది. ఆవిడకి మధ్యవర్తిని అనే బిరుదు వాడుకలో ఉందని ఒప్పుకుంటూనే, దానివల్ల క్రీస్తు ఘనతకి కలిపేదీ తీసేసేదీ ఏమీ లేదని కూడా రాసింది. మొన్న 2025 నవంబరులో వాటికన్‌ విశ్వాస సిద్ధాంత విభాగం ఇంకో అడుగు వేసి, ఆవిడని సహ విమోచకురాలు అనడం తగదని తేల్చి చెప్పింది. అంతకుముందు 1563లో ట్రెంట్ మహాసభ కూడా, పరలోకం చేరిన పునీతులని వేడుకోవడం మంచిది, ప్రయోజనకరం అంది. కానా ఊరి పెళ్ళిలో మరియమ్మ చేసింది చూడు, ద్రాక్షారసం అయిపోయిందని కొడుకుతో ఒక మాట, ఆయన చెప్పింది చేయండని పనివాళ్ళతో ఒక మాట, ఆ తర్వాత ఆ పెళ్ళిలో ఆవిడ మాట్లాడినట్టు లేదు.

అలాగని మీ నాన్నగారి దగ్గర సరుకు లేదనుకోకు. మన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం, అంటే లూథరన్ల మూల పత్రం, 1530 నాటిది, 21వ అధికరణం: పునీతులని జ్ఞాపకం చేసుకోవచ్చు, వాళ్ళ విశ్వాసాన్ని చూసి నేర్చుకోవచ్చు, కానీ వాళ్ళని పిలిచి సాయం అడగమని వాక్యం నేర్పలేదు, మధ్యవర్తిగా క్రీస్తునొక్కణ్ణే చూపిస్తోంది అని. వాదన ఏమిటంటే, బతికున్న అయ్యగారిని నాకోసం ప్రార్థించమని అడగడానికి యాకోబు పత్రికలో ఆజ్ఞ ఉంది, కన్నుమూసినవాళ్ళు నా మాట వింటారని వాగ్దానం ఎక్కడుంది? ఇది గట్టి ప్రశ్న. కథోలికులు క్రీస్తులో ఉన్నవాళ్ళని చావు వేరుచేయదంటారు, ప్రకటన గ్రంథంలో పరిశుద్ధుల ప్రార్థనలు ధూపంలా పైకి వెళ్ళడం చూపిస్తారు. నాకది పూర్తిగా సరిపోలేదు, అందుకే నేను మరియమ్మకి ప్రార్థన చేయను, ఇన్నేళ్ళు కొండ కిందే ఉన్నా చేయలేదు. కానీ ఒక సంగతి మీ నాన్నగారికి తెలుసో లేదో. ఆ మరుసటి సంవత్సరం, 1531లో, ఆ ప్రమాణాన్ని సమర్థిస్తూ లూథరు సహచరుడు మెలాంక్తన్ రాసిన దాంట్లో, పరలోకంలో ఉన్న పునీతులు సంఘం కోసం ప్రార్థిస్తారు, మరియమ్మ కూడా ప్రార్థిస్తుంది అని ఒప్పుకున్నాడు. ఆవిడ మన కోసం అడుగుతుందా అన్నదాంట్లో పేచీ లేదు, మనం ఆవిడని పిలవాలా అన్నదాంట్లోనే. అత్తగారి చిరునామా తప్పనుకో, అంతే, ఉత్తరం చేరవలసిన ఇల్లు మాత్రం ఒకటే.

నేను చెప్పొచ్చేది, ఎవరైనా నీ పక్కన నిలబడటం వేరు, నీకూ దేవుడికీ మధ్యలో నిలబడటం వేరు. పక్కన నిలబడ్డవాళ్ళు నీతో పాటు అటువైపే చూస్తారు. మధ్యలో నిలబడ్డవాళ్ళు నీవైపు తిరిగి చెయ్యి చాస్తారు.

ఆ చెయ్యి చాచడం నేను చూసింది గుణదలలో కాదు, మన వైపే. పన్నెండేళ్ళ కిందట మావారికి బైపాస్ చేయాలన్నప్పుడు ఎవరో ఒక దైవజనుడి దగ్గరికి తీసుకెళ్ళారు. మనలాంటి పాత చర్చి కాదు, షెడ్డులో పెట్టుకున్న సొంత మినిస్ట్రీ. ఆయన చేతులు పడితేనే కీడు తొలుగుతుందన్నారు. ప్రార్థన నూనె ఒక సీసా, కవరులో కానుక, వారం వారం ఫోన్. ఆయన నా తరఫున మాట్లాడుతున్నాడు గదా అని, నమ్ముతావో లేదో, నేను ప్రార్థన మానేశాను. ఇరవై రోజులు. రాత్రి పన్నెండింటికి ఆయన ఫోన్ కోసం కాచుకుని కూర్చునేదాన్ని, దేవుడు ఏమన్నాడండీ అని అడగడానికి, అదేదో కలెక్టరాఫీసులో మన కాగితం సంగతి ఏమైందన్నట్టు. ఆపరేషన్ ముందు రోజు ఆ ఫోన్ ఎత్తలేదు. హాస్పిటల్ వరండాలో కూర్చుని, చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన పరలోక ప్రార్థన చెప్పుకోబోతే మధ్యలో మాటలు మర్చిపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. మావారు బాగానే ఉన్నారులే, రోజూ నాతో పేచీలు పెట్టుకునేంత బాగా.

మరియమ్మ బొమ్మ చూస్తే ఉలిక్కిపడే మనం, వేదిక మీద సోఫా వేయించుకుని కూర్చున్నవాణ్ణి చూసి ఉలిక్కిపడం. అయ్యగారు తల మీద చెయ్యి వేస్తేనే పని అవుతుంది, మనం చేసేది అంత పైకి వెళ్ళదు అని ఎంతమంది అనుకుంటున్నారో మీ సంఘంలోనే అడిగి చూడు. విశ్వాసులంతా యాజకులే అని లూథరు గొంతు చించుకున్నది దీని గురించే, మొదటి పేతురు 2:9 పట్టుకుని. యేసు ప్రాణం విడిచినప్పుడు గుడి తెర పైనుంచి కిందికి చినిగిందని మార్కు రాశాడు. దాన్ని మళ్ళీ మనమే కుట్టుకుంటున్నాం, ఒకరు జపమాల దారంతో, ఒకరు మైకు వైరుతో. మీ అత్తగారు అడిగిన ప్రశ్నకి నా సమాధానం ఇదే, ఆవిడకి చెప్పు: అయ్యగారు పక్కన నిలబడితే తప్పు కాదండీ, మధ్యలో నిలబడితే మాత్రం ఆయనదీ తప్పే.

సరే, కొండ సంగతి. గుణదలలో మాత విగ్రహం పెట్టింది 1924లో, అక్కడి అనాథాశ్రమం చూసుకున్న అర్లాటి అనే ఇటలీ ఫాదరు. ఫ్రాన్స్‌లో లూర్దు గుహ నమూనా అది, అక్కడ బెర్నదెత్ అనే పిల్లకి మరియమ్మ కనబడిందని చెప్పే తేదీ 1858 ఫిబ్రవరి 11, అందుకే తిరునాళ్ళు కూడా 9 నుంచి 11 దాకా. కులం మతం లేకుండా వస్తారు, కొబ్బరికాయలు కొడతారు, గుండ్లు చేయించుకుంటారు. వచ్చే జనంలో ఎంతమందికి ఆవిడ పక్కన నిలబడ్డ తల్లి, ఎంతమందికి వరాలిచ్చే దేవత, నేను చెప్పలేను. మీ నాన్నగారి భయం ఆ రెండో రకం గురించే, ఆ భయం ఉత్తది కాదు. కానీ అది మీ అత్తగారి గురించా? ఆవిడని కూర్చోబెట్టి అడుగు, పాపని బాగుచేసింది ఎవరండీ అని. దేవుడే నాయనా, అమ్మ అడిగింది అంటే గొడవే లేదు. నాకు తెలిసి అలాగే అంటుంది.

గుండు గురించి నాన్నగారు అంత పట్టుపడితే అపొస్తలుల కార్యాలు 18:18 తీసి చూపించు. మొక్కుబడి ఉందని పౌలే కెంక్రేయలో తల వెంట్రుకలు కత్తిరించుకున్నాడు. మధ్యవర్తి ఒక్కడే అని రాసినాయనే. మొక్కు దేవుడికి చేసుకున్నాడు, మరియమ్మకి కాదు, నిజమే, ఆ తేడా నాన్నగారు వెంటనే పట్టుకుంటారు, పట్టుకోనీ. కానీ జుట్టు తీయించడమే అన్యాచారం అన్న మాట అక్కడితో తేలిపోతుంది.

నువ్వు వెళ్ళు. వెళ్ళి నీ నోటితో నువ్వు యేసుకే కృతజ్ఞత చెప్పుకో, నిన్ను ఆవిడకి ప్రార్థించమని ఎవరూ బలవంతం చేయకూడదు, ఆ సంగతి ముందే అత్తగారికి మర్యాదగా చెప్పు. నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే కింద మెట్ల దగ్గరే ఆగు, పాపని వాళ్ళమ్మా అమ్మమ్మా తీసుకెళతారు. విశ్వాసం లేకుండా చేసేది పాపం అని రోమా 14లో ఉంది, అది నీకూ వర్తిస్తుంది. కానీ నాన్నకి తెలియకుండా మాత్రం వెళ్ళకు. యార్డులో మాట ఎంతసేపట్లో పాకుతుందో నీకు నేను చెప్పాలా, సాయంత్రానికల్లా సంఘంలో తెలుస్తుంది, ఆయన బాధ కొండ గురించి కాకుండా నువ్వు దాచావన్న దాని గురించి అవుతుంది.

ఇంకొకటి, ఇది నీ ఉత్తరం రెండోసారి చదివితే కనబడింది. అత్తగారి మాట నాన్నకీ, నాన్న మాట అత్తగారికీ మోస్తున్నది నువ్వే. ఈ నాలుగు నెలల్లో ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఒక్క ముక్క లేదు ఉత్తరంలో. కొట్టులో పొద్దంతా చేసే పనే ఇంటికొచ్చి కూడా చేస్తున్నావు, ఇక్కడ కమీషన్ కూడా రావడం లేదు, రెండు వైపులా తిట్లు తప్ప. తప్పుకో. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడని గుంటూరు రమ్మను, గోంగూర మాంసం వండించు, పాపని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి నువ్వు బయటికి వెళ్ళి పాన్ షాపు దగ్గర ఒక అరగంట నిలబడు. ఆ రాత్రి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఈయన గుంటూరులో మోకాళ్ళ మీద ఉన్నాడు, ఆవిడ విజయవాడలో జపమాల పట్టుకుని ఉంది. ఆ సంగతి ఒకరిది ఇంకొకరికి తెలుసా?

ఆఖరికి ఆయన ఒప్పుకోకపోతే, ఒప్పుకోకపోవచ్చు, సంఘ పెద్దలకి పరువు టెన్షన్ ఉంటుంది, అప్పుడు అత్తగారినే ఒక మెట్టు దిగమని అడుగు. తిరునాళ్ళ రోజే ఇవ్వాలని పట్టు లేకపోతే మామూలు రోజున వెళ్ళండి, ఆ మూడు రోజుల తొక్కిసలాటలో జబ్బు చేసి లేచిన పిల్లని తిప్పడం నాకైతే ఇష్టం లేదు. పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే ఆ మెట్లు కాలుతాయి. గుండుకి చందనం రాసి, టోపీ మర్చిపోకండి.